వెల్లకిలా పడుకున్న చిప్

మా అత్తయ్య చెవి ఒక సబ్బుపెట్టెలో ఉంటుంది.

అల్యూమినియం సబ్బుపెట్టె. మూత మీద సన్నటి రంధ్రాలు, పక్కన శబ్దం పెంచి తగ్గించే చక్రం, ఒక మూల నుంచి చెవి దాకా తీగ. మావారు మైకుసెట్లు అద్దెకిచ్చేవారు. మైదానం నిండా జనానికి వినిపించేలా చేయగలిగిన మనిషి కన్నతల్లికి వినిపించేలా చేయలేకపోతే ఎలాగని పట్టుబట్టి దాన్ని తయారుచేశారు. అత్తయ్య దాన్ని గుడ్డసంచిలో పెట్టి మెడలో వేసుకుని తిరిగేవారు. ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన బఠాణీగింజంత యంత్రం ఇంకొకటి ఉంది. దాన్ని ఒక్క పూట పెట్టుకుని, "చెవిలో ఈగ కాపురం పెట్టినట్టుంది" అని తీసి బొత్తాల డబ్బాలో పడేశారు. అది ఆ డబ్బాలో నుంచే కొన్నాళ్ళు కూత పెట్టి ఊరుకుంది.

మావారు పోయాక సబ్బుపెట్టె కొంతకాలం బాగానే పనిచేసింది. తరువాత లోపలి బ్యాటరీ ఉబ్బి, కారి, ఛార్జింగు భాగాన్నంతా తినేసింది. ఆ రకం బ్యాటరీ ఇప్పుడెక్కడా దొరకదు. శబ్దాన్ని పెంచే బోర్డు మాత్రం చెక్కుచెదరలేదు.

అప్పటినుంచి నేను అత్తయ్యతో పలక మీద మాట్లాడుతూ వచ్చాను. బళ్ళో చిన్న తరగతులకు చెబుతాను కాబట్టి మా ఇంట్లో పలకలకు లోటు లేదు. "పాలు దించండి." "మందు వేసుకున్నారా?" "గడియ పెట్టుకోండి." పలక చిన్నది, పట్టినంత రాస్తే చాలు. ఆ రోజుల్లో నాకు ఆ ఏర్పాటు సుఖంగానే ఉండేది. అత్తయ్యకు మాత్రం నచ్చలేదు.

"ఏమ్మాయ్, నాకు ఒక్క ముక్క రాసి చూపించి మిగతాదంతా నీ దగ్గరే దాచుకుంటున్నావ్," అనేవారు. తనకు వినపడదు కనుక ఆవిడ మాట వీధి మలుపు దాకా వినపడేది.

ఇంతలో మా ఆడపడుచు వచ్చింది. మావారికి అక్క, అత్తయ్యకు మొదటి సంతానం, ఆస్పత్రిలో హెడ్‌నర్సు. నేను బడికి వెళ్ళిన సమయంలో వచ్చి, గంట నొక్కి నొక్కి, వానలో నిలువునా తడిసి, చివరికి పక్కింటివాళ్ళ స్టూలు అడిగి తీసుకుని పెరటిగోడ దూకిందట. లోపల అత్తయ్య వంటగదికి వీపు పెట్టి నింపాదిగా దుప్పట్లు మడత పెడుతున్నారు. ఆవిడ వెనకాల పొయ్యి మీద పాలగిన్నె మాడి బొగ్గయింది. నేను ఇంటికి వచ్చేసరికి ఆడపడుచు తల తుడుచుకుంటూ హాల్లో కూర్చుని ఉంది. మోకాలు గీసుకుపోయి ఉంది.

"ఇవాళ గిన్నె పోయింది, రేపు ఇల్లు పోతుంది," అంది. "నీ తప్పని అనను. నువ్వు బడి మానేసి కూర్చోలేవుగా. నెలాఖరు ఆదివారం కారు తీసుకొస్తాను. అమ్మ నా దగ్గరుంటుంది. మా ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు. నీకూ కాస్త ఊపిరాడుతుంది."

చివరి మాట ఆవిడ నా మీద దయతోనే అంది. నేను అనవలసింది గొంతులోకి వచ్చేసరికి ఆవిడ చేతిసంచి తీసుకుని వెళ్ళిపోయింది.

అత్తయ్య నా ముందుకు పలక తోశారు. "ఏమంటుందది?"

"నెలాఖరు ఆదివారం మిమ్మల్ని తీసుకెళ్తారట," అని రాశాను.

ఆవిడ చదివారు. పలక నాకు తిరిగి ఇచ్చి, ఇంకో వాక్యం కోసం కాసేపు చూశారు. నేను బలపం పట్టుకుని నిలబడ్డాను. "సరే," అని ఆవిడ లేచి వెళ్ళి, మంచం కింద నుంచి తన సంచి లాగి, దుమ్ము దులిపారు.

మరునాడు మా మరిదిని పిలిచాను. అతను మావారి తమ్ముడు. తూకం యంత్రాలు తయారుచేసే చోట బోర్డులు డిజైన్ చేస్తాడు. ఏ పని చెప్పినా ఐదు నిమిషాల పని అంటాడు. పోయిన ఏడు మా స్నానాల గది బల్బు మార్చడం కూడా ఐదు నిమిషాల పనే అన్నాడు. దానికి చివరికి గోడ పగలగొట్టాల్సి వచ్చింది.

"ఛార్జరు బోర్డా? ఐదు నిమిషాల పని వదినా," అన్నాడు.

భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టి, సబ్బుపెట్టె తెరిచి, స్కేలుతో కొలిచాడు. మావారి బోర్డు పక్కన మిగిలిన జాగా తపాలా బిళ్ళంత ఉంది.

"బజార్లో ఛార్జరు బోర్డులు దొరుకుతాయిగా, ఒకటి తెచ్చి పెట్టెయ్యి," అన్నాను.

"పట్టదు. పట్టాలంటే అన్న బోర్డు ఒక మూల కొయ్యాలి."

ఇద్దరం ఆ బోర్డు వైపు చూశాం. టంకం అతుకులు గుండ్రంగా, అన్నీ ఒకే కొలతలో ఉన్నాయి.

"కొయ్యొద్దు," అన్నాను.

"నేనూ కొయ్యలేను. అందుకే కొత్తది గీద్దాం."

జేబులో నుంచి చిన్న ప్లాస్టిక్ పొట్లం తీసి, తెల్లకాగితం మీద దులిపాడు. నువ్వుగింజ కన్నా కాస్త పెద్దవి, నల్లగా మూడు పడ్డాయి. అదే ఛార్జరు చిప్. మూడూ ఒకే రకం, పాడైతే ఉంటాయని రెండు ఎక్కువ తెప్పించాడు. అత్తయ్య నా భూతద్దం లాక్కుని వంగి చూశారు.

"ఐదు కాళ్ళేంట్రా దీనికి? ఆరోది ఎవరు పీకారు?"

ఒక పక్క మూడు, ఒక పక్క రెండు, నిజంగా ఐదే కాళ్ళు. నేను పలక మీద "బ్యాటరీకి తిండి పెట్టే చిప్" అని రాశాను. మరిది చేతులు తిప్పుతూ, అరుస్తూ వివరించాడు. ఫోను ఛార్జరు తీగ నుంచి వచ్చే కరెంటును ఇది పట్టుకుంటుందట. బ్యాటరీ నీరసంగా ఉంటే మొదట కొద్దికొద్దిగా పెడుతుందట, తేరుకున్నాక కడుపు నిండా పెడుతుందట, నిండగానే ఆపేస్తుందట. పెడుతున్నంతసేపూ ఒక ఎర్రదీపం వెలిగిస్తుందట. అత్తయ్య నా వైపు తిరిగారు. "నిండగానే ఆపేస్తుంది," అని రాశాను.

అత్తయ్య మరిది పళ్ళెం వైపు చూశారు. అతను అప్పటికి మూడోసారి వడ్డించుకున్నాడు.

"నిండగానే ఆపేసేది మన ఇంట్లో ఇదే మొదటిది," అన్నారు.

ఆ తరువాత చాలా సాయంకాలాలు ఆ బల్ల దగ్గరే గడిచాయి. తెర మీద తపాలా బిళ్ళంత జాగా కిటికీ అంత పెద్దదై కనిపించేది. దానిలో చిప్పూ, దీపమూ, ఛార్జింగు వేగాన్ని నిర్ణయించే రెసిస్టరూ, తీగ గుచ్చే మూతీ ఎక్కడెక్కడ కూర్చోవాలో మరిది పెట్టి చూసేవాడు, తీసేవాడు. వాటి మధ్య రాగి గీతలు గీసేవాడు. అవి కరెంటు నడిచే సందులు. ఒకదానికొకటి తగలకూడదు, ఏదీ మధ్యలో ఆగిపోకూడదు. అత్తయ్య అతని భుజం మీదుగా వంగి, ఇల్లు కొనడానికి వచ్చినవాళ్ళు ప్లాను చూసినట్టు చూసేవారు.

"ఒరే చిన్నోడా, ఈ సందు ఎక్కడికీ పోవడం లేదేంట్రా?"

"అమ్మా, నువ్వు కాసేపు వెళ్ళి పడుకో," అని మరిది అన్నాడు. ఆవిడకు వినపడలేదు. తరువాత అతనే వేలు పెట్టి చూసుకుని, "అరె, నిజమే. నేలకు, అదే గ్రౌండుకు, కలపడం మర్చిపోయా," అని కలిపాడు.

ఆ చిప్ కొత్త రకం కావడంతో అతని లాప్‌టాప్‌లో దాని బొమ్మ లేదు. ఏ కాలు ఎక్కడుందో మనమే గీయాలి. తయారీవాళ్ళ కాగితం నా చేతికిచ్చాడు.

"మా ఆఫీసులో పద్ధతి ఏంటంటే, ఒకళ్ళు చదువుతారు, ఒకళ్ళు గీస్తారు. తర్వాత కాగితం చేతులు మారుతుంది. గీసినవాడు చదివితే చదివినవాడు తెర మీద చూసుకుంటాడు. అలా చేస్తే తప్పు దొర్లదు. చదువు వదినా."

నేను అతనికి ఎదురుగా కూర్చుని, కాగితం నిటారుగా పట్టుకుని, స్పష్టంగా చదివాను. కింది వరసలో ఈ చివర దీపం కాలు, మధ్యన నేల, ఆ చివర బ్యాటరీ. పై వరసలో ఒక చివర కరెంటు లోపలికి వచ్చే కాలు, ఇంకో చివర రెసిస్టరు కాలు. ప్రతిదానికీ కుడో ఎడమో తప్పకుండా చెప్పాను. తొందర లేకుండా, ఒక్కొక్కటి రెండుసార్లు.

"ఇప్పుడు చేతులు మార్చుకుందామా?" అన్నాను.

"చదివింది టీచరు. ఇంకా చెకింగేంటి?" అని అతను చెయ్యి ఊపాడు.

ఆ మాట నాకు నచ్చిందని ఒప్పుకోవాలి. అందుకే మరుసటి రోజు అతను బోర్డు మొత్తం అచ్చు తీసి తెస్తే ఎర్రకలం పట్టుకుని కూర్చున్నాను. బోర్డు అంచున తెల్లటి అక్షరాలతో "అమ్మ పెట్టె" అని ముద్రించాలని మరిది సరదా. దాన్ని "అమ్మ పెట్టి" అని రాశాడు. దిద్దాను. అక్షరాల మధ్య ఎడం సమానంగా లేదు. దిద్దాను. దీపం పక్కన రాసిన మాట తలకిందులుగా ఉంది. దిద్దాను. చివర పదికి తొమ్మిది వేసి సంతకం చేశాను. చిప్ కాళ్ళ దగ్గర అక్షరాలు లేవు కాబట్టి నా కలం అటు పోలేదు.

బోర్డు తయారై వచ్చింది. పచ్చగా, నున్నగా, గోళ్ళతో పట్టుకునేంత చిన్నగా ఉంది. "అమ్మ పెట్టె" అన్న అక్షరాలు మా బడి గోడ మీద రాతల కన్నా బాగున్నాయి. అత్తయ్య దాన్ని దీపం దగ్గర పెట్టి చూసి, "ఇంత చిన్నదానికి ఇన్నాళ్ళు గీశాడా!" అన్నారు. అప్పటికి ఆవిడ సంచిలో సగం బట్టలు సర్ది ఉన్నాయి.

మరిది టంకం పెట్టి అన్నీ అతికించాడు. కొత్త బ్యాటరీ తగిలించి, ఫోను ఛార్జరు తీగ గుచ్చాడు. ముగ్గురం ఎర్రదీపం వెలుగుతుందని ఎదురుచూశాం. దీపం వెలగలేదు. కొంచెంసేపటికి వాసన వచ్చింది.

"ఏదో మాడుతోంది," అన్నారు అత్తయ్య. పాలగిన్నె గొడవ తరువాత ఆవిడ వాసనల విషయంలో చాలా జాగ్రత్తగా ఉంటున్నారు.

మరిది చిప్ మీద వేలు పెట్టి, "అబ్బా!" అని నోట్లో పెట్టుకున్నాడు.

చిప్ పాడుదని అమ్మినవాణ్ణి తిట్టి, దాన్ని పీకి రెండోది అతికించాడు. అదీ మాడింది. అప్పుడు తీగను తిట్టాడు. తీగ మార్చాడు. బ్యాటరీని తిట్టాడు. మీటరు పెట్టి చూస్తే బ్యాటరీలో లోపమేమీ లేదు. చివరికి తిట్టడానికి ఇంకెవరూ మిగలక, మూడో చిప్ తీయబోతూ తుమ్మాడు.

తెల్లకాగితం మీద చిప్ లేదు.

ఆ తరువాత మేము ముగ్గురం నేల మీద మోకాళ్ళ మీద పాకిన సంగతి మా ఆడపడుచుకు ఎప్పుడూ చెప్పకూడదని అనుకున్నాం. బల్ల కింద వెతికాం, చాప దులిపాం, చీపురు పుల్లలు విడదీసి చూశాం. అత్తయ్యకు భూతద్దంలో ఒక బెల్లం రవ్వ, ఒక చీమ, మావారి చొక్కాదే అనిపించిన ఒక బొత్తం దొరికాయి. బొత్తం ఆవిడ కొంగున ముడివేసుకున్నారు. చిప్ దొరకలేదు. చివరికి మరిది విసుగొచ్చి తల పట్టుకుని కూర్చుంటే, అతని మోచేతికి అంటుకుని కనిపించింది.

"ఇది ఇప్పుడు పెట్టను," అన్నాడు దాన్ని పొట్లంలో వేస్తూ. మొదటిసారిగా అతని నోట ఐదు నిమిషాలన్న మాట రాలేదు. "ఇదే ఆఖరిది. తప్పెక్కడుందో తెలియకుండా దీన్నీ కాల్చేస్తే, ఆదివారం అక్క వచ్చి అమ్మని తీసుకుపోతుంది. అంతే."

అత్తయ్య మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశారు. నేను పలక తీసుకున్నాను. "ఇంకా చూస్తున్నాం," అని రాశాను.

"చూడండి, చూడండి," అని ఆవిడ వెళ్ళి మిగతా బట్టలు సర్దుకున్నారు.

శనివారం ఒంటిపూట బడి. పొద్దున పిల్లల్ని వరసలో నిలబెట్టి కసరత్తు చేయించడం ఆ వారం నా వంతు. "కుడి చెయ్యి పైకి!" అన్నాను. పిల్లలందరూ కుడిచేతులు ఎత్తారు. నేనూ ఎత్తాను.

ఎత్తింది ఎడమ చెయ్యి.

అది తప్పు కాదు. చిన్నపిల్లలకు ఎదురుగా నిలబడి మనం కుడిచెయ్యి ఎత్తితే వాళ్ళు అద్దంలో చూసినట్టు ఎడమది ఎత్తుతారు. అందుకే మా తరగతుల టీచర్లం కుడి అంటూ ఎడమ ఎత్తుతాం, ఎడమ అంటూ కుడి ఎత్తుతాం. ఎదుట ఉన్నవాళ్ళ వైపు నుంచే చెబుతాం. ఏళ్ళ తరబడి అలా చెప్పీ చెప్పీ, ఎవరైనా ఎదురుగా కూర్చుంటే చాలు, నా నోరు దానంతటదే వాళ్ళ వైపుకు మారిపోతుంది.

చెయ్యి గాలిలోనే ఉంచి నేను అలా నిలబడిపోయాను. భోజనాల బల్లకు ఆ పక్కన మరిది, ఈ పక్కన నేను, మధ్యన నిటారుగా పట్టుకున్న కాగితం.

గోడ పక్కకు వెళ్ళి ఫోను చేశాను.

"నేను కుడి అని చదివినవన్నీ ఎడమ. ఎడమ అన్నవన్నీ కుడి."

"ఏంటి వదినా? ఎక్కడున్నావ్?"

"బళ్ళో. నువ్వు నాకు ఎదురుగా కూర్చున్నావు. నీ వైపు నుంచి చెప్పాను. అలవాటు."

అవతల లాప్‌టాప్ మీద వేలు తిరుగుతున్న చప్పుడు వచ్చింది. తరువాత అతను నవ్వడం మొదలుపెట్టాడు.

"నన్ను ఒకటో తరగతిలో కూర్చోబెట్టావన్నమాట! అంతా అద్దంలో బొమ్మలా గీశాను. కరెంటు పోవలసిన కాలికి రెసిస్టరు పెట్టా, రెసిస్టరు కాలికి కరెంటిచ్చా. మాడక ఏం చేస్తుంది?"

"చేతులు మార్చుకుని చెక్ చేద్దామని నేనన్నాను."

"అన్నావు. ఆ సంగతి మా ఆఫీసులో ఎవరికీ చెప్పొద్దు. సరే, పిల్లల్ని ఏం చేశావ్?"

వెనక్కి తిరిగి చూశాను. నలభై చేతులు ఇంకా పైకే ఉన్నాయి. ముందు వరసలో ఒక పాప కుడిచెయ్యి నొప్పి పుట్టి, దాన్ని ఎడమచేత్తో పట్టుకుని నిలబెట్టుకుంటోంది.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి మరిది బల్ల దగ్గర సిద్ధంగా ఉన్నాడు. కొత్త బోర్డు చేయించే వ్యవధి లేదు. అతని మొహం మాత్రం వెలుగుతోంది.

"బోర్డు తిరగబడింది కదా. చిప్‌ని కూడా తిరగేద్దాం. లెక్క సరిపోతుంది."

నాకు అర్థం కాలేదని చూసి, "చెయ్యి బల్ల మీద బోర్లా పెట్టు వదినా," అన్నాడు. పెట్టాను. "బొటనవేలు ఎటుంది? ఇప్పుడు వెల్లకిలా తిప్పు. ఎటు పోయింది?" రెండో వైపుకు పోయింది. నా పిల్లలకు నేను చెప్పే పద్ధతిలో నాకు పాఠం చెప్పాడు. చిప్‌ని వెల్లకిలా పడుకోబెడితే దాని కుడి ఎడమలు మారిపోతాయి. నేను తిప్పి చెప్పిందీ అదీ కలిసి సరిపోతాయి. చిక్కల్లా ఒకటే. వెల్లకిలా పడుకుంటే కాళ్ళు పైకి లేస్తాయి, బోర్డుకు అందవు. ఒక్కొక్క కాలి నుంచి కిందికి వెంట్రుకంత రాగితీగ వేసి అతకాలి.

నేను భూతద్దం పట్టుకున్నాను. అతను పాత తీగలో నుంచి ఒక్క పోగు లాగి, ముక్కలు చేసి, పట్టుకారుతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి మొదటి కాలికి టంకం పెట్టాడు. రెండోది. మూడోది.

అత్తయ్య వచ్చి మా ఇద్దరి తలల మధ్య నుంచి చూశారు. చిప్ బోర్డు మీద వీపు ఆన్చి, ఐదు కాళ్ళూ పైకి పెట్టుకుని ఉంది.

"చచ్చిపోయిందా?"

మరిది తల అడ్డంగా ఊపాడు. నేను పలక మీద "లేదు. అలా పడుకుంటేనే పనిచేస్తుంది," అని రాశాను.

ఆవిడ చదివి, మళ్ళీ చిప్ వైపు చూశారు. "మీ అన్న కూడా సెలవురోజున ఇలాగే పడుకునేవాడు," అన్నారు వీధి వినేలా. "కాళ్ళు రెండూ గోడకు ఎత్తిపెట్టి. లేరా అంటే, పని చేస్తున్నానమ్మా అనేవాడు."

మరిది టంకం కాడను బోర్డు మీద నుంచి ఎత్తి స్టాండులో పెట్టాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. అద్దాలు మురికిగా ఏమీ లేవు. నేను భూతద్దం కదలకుండా పట్టుకునే ఉన్నాను. కొంతసేపయ్యాక అతను మళ్ళీ కాడ తీసుకుని నాలుగోదీ ఐదోదీ అతికించాడు.

"వీపు మీద పడుకుంది కాబట్టి వేడి సరిగ్గా దిగదు," అన్నాడు. "రెసిస్టరు మార్చి నెమ్మదిగా తినిపిద్దాం. ఆలస్యమైతే అవుతుంది, మాడదు."

తీగ గుచ్చాడు. ఎర్రదీపం వెలిగింది. మేము వాసన కోసం చూశాం. రాలేదు. మరిది వేలు పెట్టి చూసి, నోట్లో పెట్టుకోకుండా తీశాడు. గోరువెచ్చగా ఉందట. అన్నం తింటుందో లేదో అని పసిబిడ్డ దగ్గర కూర్చున్నట్టు ముగ్గురం ఆ దీపం దగ్గర కూర్చున్నాం.

మరీ నెమ్మదిగా తినిపించాడేమో, ఆదివారం గంట మోగేసరికి దీపం ఇంకా ఎర్రగానే ఉంది.

ఆడపడుచు లోపలికి వచ్చింది. బయట డ్రైవరు కారు ఇంజను ఆపలేదు. సర్ది ఉన్న సంచి చూసి, "మంచిది," అంది. అత్తయ్య సోఫా అంచున చెప్పులు వేసుకుని కూర్చున్నారు.

"అక్కా, ఒక్క నిమిషం," అని మరిది తీగ ఊడబెరికి, బోర్డును సబ్బుపెట్టెలో ఇరికించి, మూత వేశాడు. సంచిలో పెట్టి తల్లి మెడలో వేశాడు. తీగ కొస ఆవిడ చెవిలో నేను పెట్టాను. చక్రం తిప్పాడు.

అత్తయ్య కదలకుండా కూర్చున్నారు. తరువాత మెడ వంటగది వైపు తిప్పారు.

"ఆ కుళాయి ఎన్నాళ్ళనుంచి కారుతోంది?"

"చాలా రోజులైంది అత్తయ్యా," అన్నాను.

"మరి చెప్పవేం?"

మరిది కుర్చీలో నుంచి లేచి మళ్ళీ కూర్చున్నాడు. ఆడపడుచు మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. పడగ్గదిలోకి వెళ్ళి, తలుపు ఓరగా వేసుకుని, రోగి పక్కన మాట్లాడినంత నెమ్మదిగా, "అమ్మా, నీకు కొత్త చెప్పులు తెచ్చా," అంది.

"మడమలు ఎత్తువైతే నాకొద్దు," అన్నారు అత్తయ్య హాల్లో నుంచి.

"డాక్టరు గారు నిన్ను తీపి మానెయ్యమన్నారు."

"ఆ ముక్క వినపడలేదు."

ఆడపడుచు బయటికి వచ్చింది. నవ్వు ఆపుకుంటోంది. వెళ్ళి కారు ఇంజను ఆపించి వచ్చి, నా ఎదురుగా కూర్చుంది.

"సరే, వినపడుతోంది. గంట వింటుంది, పొయ్యి వింటుంది. నాకు ఆ భయం తీరింది. కానీ ఇంకో మాట అడుగుతా, ఏమీ అనుకోకు. వాడున్నన్నాళ్ళూ ఒక లెక్క. ఇప్పుడు నువ్వు బళ్ళో గొంతు చించుకుని వచ్చి, మళ్ళీ ఇక్కడ అమ్మ పని చూసుకోవాలి. మొహమాటానికి ఉంచుకోవద్దు. నీకు అమ్మ ఉండాలని ఉందా, లేదా? ఆ రోజు నేను తీసుకెళ్తానంటే నువ్వు ఒక్క మాటా అనలేదు."

"పలక మీద కూడా ఏం రాయలేదు," అన్నారు అత్తయ్య. ఆవిడ నా వైపు చూడటం లేదు. సబ్బుపెట్టె సంచి తాడును వేలికి చుట్టుకుంటున్నారు. "నేను ఇంకో మాట కోసం చూశా. రాయలేదు. పోనీ, దానికీ విశ్రాంతి కావాలేమో అని సర్దుకున్నా."

నేను రాయనిదాన్ని ఆవిడ అలా చదువుకున్నారన్నమాట. ఇన్ని రోజులూ ఆ సంచి నిండటం చూసి, వెళ్ళాలని ఆవిడకే ఉందని నేను అనుకున్నాను.

"ఉండండి," అన్నాను.

"ఏంటీ?"

"మీరు ఇక్కడే ఉండండి అత్తయ్యా."

అత్తయ్య పెట్టెను రెండు చేతులతో పట్టుకుని కాస్త ఊపారు. "వినపడటం లేదు."

"ఇప్పుడే చెప్పుల మడమల సంగతి మాట్లాడావ్ కదే అమ్మా!" అంది ఆడపడుచు.

"నువ్వుండవే. అది వినపడింది. ఈ అమ్మాయిది వినపడటం లేదు. గొంతులోనే మింగేస్తోంది."

మరిది ఆదుర్దాగా పెట్టె వైపు చెయ్యి చాపాడు. ఆవిడ ఆ చేతి మీద ఒకటి వేసి నా వైపు చూశారు.

నేను లేచి నిలబడ్డాను. తరువాత జరిగింది నేను అనుకుని చేసింది కాదు. ఆఖరి వరస దాకా వినిపించడానికి బళ్ళో వాడే గొంతు ఒకటుంది, అది వచ్చింది.

"అత్తయ్యా! మీరు ఎక్కడికీ వెళ్ళొద్దు! మీరు లేకపోతే నేను ఈ ఇంట్లో ఉండలేను! నాకు మీరు కావాలి!"

సబ్బుపెట్టె ఒక్కసారిగా కీచుమంది. అత్తయ్య అదిరిపడి చెవిలో నుంచి తీగ లాగేశారు. ఆడపడుచు చెవులు మూసుకుంది. బయట కారు డ్రైవరు తలుపు తీసుకుని దిగిన చప్పుడైంది.

అత్తయ్య తీగను మెల్లగా మళ్ళీ చెవిలో పెట్టుకున్నారు. చెప్పులు విప్పి సోఫా కిందికి తోశారు.

"అలా అరుస్తావేంటమ్మాయ్," అన్నారు. "నేనేమన్నా చెవిటిదాన్నా?"